ఎక్స్‌రేలో గుండె పెద్దగా ఉంది: ఎకోలో అసలు కారణం తేల్చేదెలా?

మెడిసిన్_పీజీ:

అందరికీ నమస్కారం. ఆయాసం, కాళ్ల వాపుతో వచ్చిన పేషెంట్‌కి ఎక్స్‌రే తీస్తే కార్డియోమెగలీ (గుండె పెద్దది). ఎకోకి (గుండె అల్ట్రాసౌండ్‌కి) పంపితే "డైలేటెడ్ కార్డియోమయోపతీ, గ్లోబల్ హైపోకైనీసియా, మోడరేట్ ఎంఆర్" అని ఒక్క లైను రాసి వస్తుంది. అంటే కండరం జబ్బుతో గుండె సాగింది (డీసీఎం), గోడలన్నీ తక్కువగా కదులుతున్నాయి, మైట్రల్ వాల్వ్ మధ్యస్థంగా లీకవుతోంది (ఎంఆర్). వార్డులో సగం ఫైళ్లలో ఇదే లైను. ఎందుకు పెద్దదైందో మాత్రం ఎక్కడా ఉండదు.

ఒక ఉదాహరణ ఇస్తాను. మగ పేషెంట్, 52 ఏళ్లు, షుగర్ ఉంది, ఛాతీ నొప్పి ఎప్పుడూ రాలేదంటారు. ఎల్వీ (ఎడమ వెంట్రికిల్) డయాస్టోల్‌లో (గుండె సడలినప్పుడు) 66 మి.మీ., సిస్టోల్‌లో (ముడుచుకున్నప్పుడు) 56 మి.మీ., ఈఎఫ్ (ఎల్వీలోంచి ఒక్కో బీట్‌కి బయటికి పోయే రక్తం వాటా) 30 శాతం, ఎంఆర్ మోడరేట్, ఈసీజీలో ఎల్‌బీబీబీ (ఎడమ వైపు విద్యుత్ దారిలో అడ్డంకి). ఇది కరొనరీ బ్లాకుల వల్ల వచ్చిందా, కండరం జబ్బా, ఎంఆర్ వల్లే గుండె సాగిందా? ఎకోతో ఎంతవరకు చెప్పొచ్చు? అలాగే గోడలు మందంగా కనిపించినప్పుడు బీపీ గుండెకీ, హెచ్‌సీఎంకీ (కండరం దానంతట అదే మందమయ్యే జబ్బు), అమిలాయిడ్‌కీ (కండరంలో అసహజ ప్రొటీన్ చేరే జబ్బు) తేడా ఎలా పట్టుకోవాలి? ఏ క్రమంలో చూస్తే ఏదీ జారిపోదో సీనియర్లు చెప్పగలరు.

కార్డియో_ఎకో:

డాక్టర్ గారూ, ఈఎఫ్ దగ్గర మొదలుపెట్టకండి. ముందు ఆ ఎక్స్‌రే ఏ వ్యూలో తీశారో చూడండి. గుండె వెడల్పు ఛాతీ వెడల్పులో సగం దాటితే పెద్దదనే లెక్క పీఏ ఫిల్ముకి (వెనక నుంచి తీసినదానికి), అదీ పేషెంట్ నిండుగా ఊపిరి పీల్చినప్పుడే వర్తిస్తుంది. మంచం మీద పోర్టబుల్ ఏపీ (ముందు నుంచి) తీసినా, ఊపిరి సరిగా పీల్చకపోయినా, పొట్ట ఉబ్బి డయాఫ్రమ్ పైకి వచ్చినా మామూలు గుండె కూడా పెద్దగానే పడుతుంది.

ప్రోబ్ పెట్టగానే మొదటి ప్రశ్న: పెద్దగా ఉన్నది గుండేనా, చుట్టూ ఉన్న నీరా? పారాస్టెర్నల్ లాంగ్ యాక్సిస్‌లో (రొమ్ము ఎముక పక్కనుంచి గుండెని పొడవునా చూసే వ్యూలో) డెప్త్ పెంచి డిసెండింగ్ అయోర్టా గుండ్రంగా కనిపించేదాకా వెళ్లండి. నీరు ఆ అయోర్టాకి ముందు వైపు, అంటే గుండెకీ అయోర్టాకీ మధ్యలోకి చొచ్చుకొస్తే పెరికార్డియల్ (గుండె పొరలోది). అయోర్టా వెనకే ఉండిపోతే ఎడమ వైపు ప్లూరల్ ఎఫ్యూజన్ (ఊపిరితిత్తి చుట్టూ నీరు). డెప్త్ తక్కువ పెట్టి చూసేవాళ్లు ఈ రెంటినీ తారుమారు చేస్తుంటారు. ముందు వైపు మాత్రమే సన్నటి నల్లటి పొర ఉండి, అందులో చుక్కచుక్కలుగా మెరుపు ఉండి, గుండెతో పాటే కదులుతుంటే అది కొవ్వు. లావుగా ఉన్నవాళ్లలో మామూలే.

నీటిని డయాస్టోల్ చివర కొలవండి. 10 మి.మీ. లోపు కొంచెం, 10 నుంచి 20 మధ్యస్థం, 20 దాటితే ఎక్కువ. అయితే ప్రాణం మీదకి తెచ్చేది ఎంత నీరు చేరిందన్నదాని కంటే ఎంత వేగంగా చేరిందన్నదే. గంటల్లో చేరిన 200 మి.లీ. టాంపొనేడ్ (నీరు నొక్కి గుండెని నిండనివ్వకపోవడం) చేయగలదు. థైరాయిడ్ తక్కువై నెలల తరబడి చేరిన లీటరు నీటితో పేషెంట్ నడిచి వస్తాడు. ఆర్‌ఏ (కుడి ఏట్రియమ్) గోడ ఒక్కో బీట్‌లో మూడో వంతు సమయానికి మించి లోపలికి కుంగడం, ఆర్వీ (కుడి వెంట్రికిల్) డయాస్టోల్‌లో కుంగడం, ఐవీసీ (కింది నుంచి గుండెకి రక్తం తెచ్చే పెద్ద సిర) 21 మి.మీ. దాటి ఊపిరి పీల్చినా సగం కూడా తగ్గకపోవడం చూడండి. మైట్రల్ ఇన్‌ఫ్లో ఊపిరితో 30 శాతం దాకా మారుతుంటే ఇక ఆలస్యం చేయొద్దు. బైపాస్ లేదా వాల్వ్ సర్జరీ అయిన కొద్ది రోజులకి బీపీ పడిపోతే ముందు వైపు నీరు లేదని వదిలేయకండి. ఆర్‌ఏ పక్కన గడ్డకట్టిన రక్తం ఒక్కచోటే నొక్కుతుంటుంది, ట్రాన్స్‌థొరాసిక్‌లో (ఛాతీ మీద నుంచి చేసే ఎకోలో) దొరక్కపోతే టీఈఈ (అన్నవాహికలోంచి చేసే ఎకో) చేయాల్సిందే. మన దగ్గర నీటిలో దారాల్లాంటి ఫైబ్రిన్ పోగులు కనిపిస్తే టీబీ గుర్తుకు రావాలి. నీరు తీసినప్పుడు ఏడీఏ (టీబీ కోసం చేసే ఎంజైమ్ పరీక్ష) పంపండి.

నీరు కాదని తేలాక రెండో ప్రశ్న: ఏ గది పెద్దది? ఎల్‌ఏ (ఎడమ ఏట్రియమ్) ఒక్కటే పెద్దదై ఎల్వీ మామూలుగా ఉంటే ముందు మైట్రల్ స్టెనోసిస్ (వాల్వ్ ఇరుకు) చూడండి. రుమాటిక్ వాల్వ్‌లో ముందు లీఫ్‌లెట్ డయాస్టోల్‌లో హాకీ కర్రలా వంగుతుంది, షార్ట్ యాక్సిస్‌లో (అడ్డంగా కోసినట్టు చూసే వ్యూలో) కమిషర్లు (లీఫ్‌లెట్లు కలిసే మూలలు) అతుక్కుని చేపనోరులా తెరుచుకుంటుంది. ఏరియా 1.5 చదరపు సెం.మీ. అంతకంటే తక్కువైతే సివియర్. రెండు ఏట్రియమ్‌లూ బాగా పెద్దవై ఎల్వీ చిన్నగా ఉంటే రెస్ట్రిక్టివ్ జబ్బు (గుండె బిగుసుకుని సరిగా నిండనిది). ఎక్స్‌రేలో గుండె పెద్దగా కనిపించేది ఆ ఏట్రియమ్‌ల వల్లే. కేరళ తీరంలో ఒకప్పుడు ఎక్కువగా కనిపించిన ఎండోమయోకార్డియల్ ఫైబ్రోసిస్ ఇదే కోవ, అందులో ఎపెక్స్ (గుండె మొన) పూడుకుపోయి ఉంటుంది.

ఎల్వీ పెద్దదా కాదా అనేది పేషెంట్ శరీరాన్ని బట్టి చెప్పాలి. మగవాళ్లలో 58 మి.మీ., ఆడవాళ్లలో 52 మి.మీ. పై హద్దు అనుకున్నా, 42 కిలోల ఆవిడకి 51 మి.మీ. మామూలు కాకపోవచ్చు. వాల్యూమ్‌ని బాడీ సర్ఫేస్ ఏరియాతో భాగించి చూడండి: చదరపు మీటరుకి మగవాళ్లలో 74 మి.లీ., ఆడవాళ్లలో 61 మి.లీ. దాటితే పెద్దదే.

క్యాథ్‌ల్యాబ్_సీనియర్:

మీ 52 ఏళ్ల పేషెంట్ గురించి.

ఇస్కీమిక్ (కరొనరీ బ్లాకుల వల్ల వచ్చింది) అని చెప్పాలంటే దెబ్బతిన్న చోటు ఒక కరొనరీ ఆర్టరీ పరిధిలో ఉండాలి. గోడ ఎంత కదిలిందో చూడకండి, ఎంత మందమైందో చూడండి. ఎందుకంటే చచ్చిన గోడని కూడా పక్క గోడ లాక్కెళ్తుంది, కదిలినట్టే ఉంటుంది. ఇన్‌ఫార్క్ట్ అయిన (రక్తం అందక చచ్చిన) గోడ డయాస్టోల్‌లో 6 మి.మీ. కంటే పల్చగా, తెల్లగా మెరుస్తూ, సిస్టోల్‌లో ఏమాత్రం మందం కాకుండా ఉంటుంది. ఎల్‌బీబీబీలో సెప్టమ్ (రెండు వెంట్రికిల్స్ మధ్య గోడ) వేరే రకంగా మోసం చేస్తుంది. సిస్టోల్ మొదట్లోనే ఒక్కసారి లోపలికి కుదుపు ఇచ్చి తర్వాత ఎదురు దిక్కుకి పోతుంది. చూడగానే యాంటీరియర్ ఎంఐ (ముందు గోడ హార్ట్ ఎటాక్) అనిపిస్తుంది, కానీ గోడ మందం నిలిచే ఉంటుంది, ఆలస్యంగానైనా మందమవుతుంది. కాబట్టి మీ పేషెంట్‌లో సెప్టమ్ మీద తీర్పు చెప్పకండి. ఇన్‌ఫీరియర్ (కింది), ఇన్‌ఫీరోలేటరల్ (కింది పక్క) గోడల బేస్ (వాల్వ్‌ల వైపు భాగం), ఇంకా ఎపెక్స్ చూడండి. ఎల్‌బీబీబీ వీటి జోలికి అంతగా రాదు.

రెండు వెంట్రికిల్సూ సమానంగా బలహీనపడితే కండరం జబ్బు వైపు మొగ్గు. కానీ ఎల్వీ ఫెయిల్యూర్ ముదిరి పల్మనరీ ప్రెషర్ పెరిగితే ఇస్కీమిక్‌లోనూ ఆర్వీ పడిపోతుంది, కాబట్టి ఇది ఊతం మాత్రమే. ఇక షుగర్ పేషెంట్‌లో మూడు నాళాలూ మూసుకుపోయి ఒక్క స్కార్ (మచ్చ) కూడా లేకుండా గుండె అంతా సమానంగా బలహీనంగా ఉండొచ్చు. నొప్పి రాలేదన్న మాటకి షుగర్‌లో విలువ లేదు. "గ్లోబల్ హైపోకైనీసియా, కాబట్టి బ్లాకులు లేవు" అనే వాదన వల్ల బైపాస్‌తో బాగుపడాల్సినవాళ్లు ఏళ్ల తరబడి మాత్రల మీదే ఉండిపోతున్నారు. దయచేసి ఆ వాదన చేయకండి. ఈ పేషెంట్‌కి కరొనరీ యాంజియోగ్రామ్ తప్పదు. బ్లాకులు బయటపడితే, గోడ మందం 6 మి.మీ. పైన నిలిచిన చోట్ల డోబుటమిన్ (గుండెని గట్టిగా కొట్టుకునేలా చేసే మందు) తక్కువ డోసుతో, కిలోకి నిమిషానికి 5 నుంచి 10 మైక్రోగ్రాములతో, కండరం బతికే ఉందా అని చూడొచ్చు.

ఎంఆర్ సంగతి చెట్టు ముందా విత్తు ముందా లాంటిదే, అయినా లీఫ్‌లెట్లు చూస్తే చాలావరకు తేలిపోతుంది. లీఫ్‌లెట్లు పల్చగా బాగానే ఉండి, ఎల్వీ సాగడం వల్ల కిందకి లాగబడి, అవి కలిసే చోటు యాన్యులస్ (వాల్వ్ రింగ్) గీత కంటే 10 మి.మీ. లోతుకు దిగి ఉంటే (దీన్నే టెంటింగ్ అంటారు) ఎంఆర్ ఫలితమే (సెకండరీ), కారణం కాదు. జెట్ మధ్యలో నుంచి పోతే డీసీఎం తరహా. ఇన్‌ఫీరోలేటరల్ గోడ దెబ్బతిని పోస్టీరియర్ లీఫ్‌లెట్ ఒక్కటే బిగుసుకుపోతే జెట్ వెనక గోడకి అతుక్కుని పోతుంది, అప్పుడు ఇస్కీమిక్ అనుమానం పెంచండి. ప్రొలాప్స్ (లీఫ్‌లెట్ వెనక్కి ఉబ్బడం), తెగిన కార్డా (లీఫ్‌లెట్‌ని పట్టుకునే తాడు), రుమాటిక్ మందం ఉంటే వాల్వే ముద్దాయి.

ఒక హెచ్చరిక. వాల్వ్ వల్లే వచ్చిన సివియర్ ఎంఆర్‌లో ఎల్వీ సగం రక్తాన్ని తేలిగ్గా వెనక్కి తోసేస్తుంది కాబట్టి ఈఎఫ్ దొంగ లెక్క చూపిస్తుంది. 60 శాతానికి దిగినా, సిస్టోల్ కొలత 40 మి.మీ. చేరినా కండరం దెబ్బతినడం మొదలైనట్టే, సర్జన్‌తో మాట్లాడాలి. "ఈఎఫ్ 58, నార్మల్" అని ఇంటికి పంపకూడదు. వీనా కాంట్రాక్టా (లీకు జెట్ అతి సన్నగా ఉన్నచోటి వెడల్పు) 7 మి.మీ., రీగర్జిటెంట్ ఆరిఫిస్ (లీకు రంధ్రం) 0.4 చదరపు సెం.మీ., ఒక్కో బీట్‌కి వెనక్కి పోయేది 60 మి.లీ. దాటితే సివియర్. బీపీ 180 ఉన్నప్పుడు చూసిన ఎంఆర్, 110 ఉన్నప్పుడు చూసిన ఎంఆర్ ఒకటి కావు. ఎకో టైములో బీపీ ఎంతో రిపోర్ట్ మీద ఉండాలి.

ఇంకొకటి అందరూ మరిచిపోయేది అయోర్టిక్ వాల్వ్. ఎల్వీ సాగి ఈఎఫ్ 30 అయినప్పుడు మీన్ గ్రేడియంట్ (వాల్వ్‌కి అటూ ఇటూ ఒత్తిడిలో సగటు తేడా) 25 మాత్రమే వచ్చిందని స్టెనోసిస్ సివియర్ కాదనుకుంటారు. పంపు బలహీనమైతే గ్రేడియంట్ ఎక్కడినుంచి వస్తుంది? కస్ప్‌లు (వాల్వ్ రేకులు) కాల్షియం పట్టి కదలకుండా ఉంటే, లెక్కించిన ఏరియా 1 చదరపు సెం.మీ. లోపు ఉంటే డోబుటమిన్ ఎకో చేసి తేల్చండి. అది డీసీఎం కాదు, వాల్వ్ మారిస్తే తేరుకునే గుండె కావచ్చు.

ఎకో_టెక్నీషియన్:

సార్లు కారణాలు చెప్పారు, నేను కొలతల గురించి చెప్తాను. కొలత తప్పితే కారణం కూడా తప్పుతుంది.

ఎల్వీ కొలత మైట్రల్ లీఫ్‌లెట్ చివర్ల దగ్గర, పొడవు యాక్సిస్‌కి అడ్డంగా నిటారుగా తీయాలి. ప్రోబ్ ఒక ఇంటర్‌స్పేస్ (పక్కటెముకల మధ్య సందు) కిందకి జారితే కోత ఏటవాలుగా పడి ఎల్వీ ఉన్నదానికంటే పెద్దగా, గోడలు మందంగా వస్తాయి. ఎం-మోడ్ (ఒకే కిరణంతో కొలిచే పద్ధతి) గీత వంకరగా పడుతుంటే టూడీలోనే కొలవండి. సెప్టమ్ 14, 15 అని వచ్చిన చాలా కేసుల్లో ఆర్వీ వైపు మోడరేటర్ బ్యాండ్‌నో, ట్రాబెక్యులానో (లోపలి కండర పట్టీలు) కలిపి కొలిచి ఉంటారు. షార్ట్ యాక్సిస్‌లో ఒకసారి సరిచూసుకుంటే చాలు.

టైకోల్జ్ పద్ధతిలో ఈఎఫ్ వేయొద్దు. అది బేస్ దగ్గర ఒక్క గీతని చూసి గుండె మొత్తాన్ని ఊహిస్తుంది. ఎపెక్స్‌లో అన్యూరిజమ్ (పల్చబడి ఉబ్బిన గోడ) ఉన్నా 60 శాతం అని చూపిస్తుంది. సింప్సన్ బైప్లేన్ (రెండు వ్యూల్లో ఎల్వీ అంచు గీసి లెక్కించేది) వేయండి. అందులో పెద్ద తప్పు ఫోర్‌షార్టెనింగ్ (ఎపెక్స్ తప్పిపోయి ఎల్వీ పొట్టిగా పడటం). అసలైన ఎపెక్స్ కోసుగా, పల్చగా ఉంటుంది, దాదాపు కదలదు. మీ బొమ్మలో ఎపెక్స్ గుండ్రంగా, లోపలికి దూకుతూ కనిపిస్తుంటే మీరున్నది ఎపెక్స్ మీద కాదు. ఒక ఇంటర్‌స్పేస్ కిందకి, కొంచెం బయటికి జరగండి. ఫోర్ చాంబర్, టూ చాంబర్‌లలో ఎల్వీ పొడవుల మధ్య తేడా 10 శాతం మించకూడదు. ఎపెక్స్‌లో క్లాట్ కోసం డెప్త్ తగ్గించి, ఫోకస్ పైకి తెచ్చి మళ్లీ చూడండి. ఏఎఫ్ (ఏట్రియమ్ లయ తప్పడం) ఉంటే ఒక్క బీట్ కొలిచి ఊరుకోవద్దు, కనీసం 5 బీట్ల సగటు రాయండి.

మరో విషయం. అన్ని గదులూ కొంచెం కొంచెం పెద్దవై, ఈఎఫ్ 65 ఉంటే "నార్మల్ ఎల్వీ ఫంక్షన్" అని రాసి పంపేస్తుంటారు, ఆయాసం మాత్రం అలాగే ఉంటుంది. అక్కడ ఎల్‌వీఓటీ (ఎల్వీ నుంచి రక్తం బయటికి పోయే దారి) వీటీఐ (ఒక్కో బీట్‌లో రక్తం ముందుకు పోయే దూరం) తీయండి. ఎల్‌వీఓటీ 2.2 సెం.మీ. అయితే ఏరియా 3.8. వీటీఐ 26 వస్తే ఒక్కో బీట్‌కి 99 మి.లీ. పల్స్ 105 అయితే నిమిషానికి 10 లీటర్లు దాటింది. చదరపు మీటరుకి 4 లీటర్లు దాటితే హై అవుట్‌పుట్. హిమోగ్లోబిన్ 4 ఉన్నవాళ్లు, థైరాయిడ్ ఎక్కువైనవాళ్లు, డయాలసిస్ ఫిస్టులా బాగా పెద్దదైనవాళ్లు, బెరిబెరీ ఇక్కడే దొరుకుతారు. ఎల్‌వీఓటీ కొలతలో 2 మి.మీ. తప్పితే లెక్క ఎంత మారుతుందో గమనించండి: 2.0కి ఏరియా 3.14, 1.8కి 2.54.

మెడిసిన్_పీజీ:

చాలా థాంక్స్ సార్. సెప్టమ్ మీద తీర్పు చెప్పొద్దన్న మాట బాగా పనికొచ్చింది. గోడలు మందంగా ఉన్న గుండె గురించి కూడా ఎవరైనా చెప్తే బాగుంటుంది. బీపీ ఉన్న 68 ఏళ్లాయన, రెండు గోడలూ 16 మి.మీ., ఈఎఫ్ 55, కాళ్ల వాపు. ఈసీజీలో వోల్టేజ్ తక్కువ.

హార్ట్_ఫెయిల్యూర్_క్లినిక్:

మీరు జవాబు మీ ప్రశ్నలోనే పెట్టారు డాక్టర్ గారూ. గోడ 16 మి.మీ., ఈసీజీలో వోల్టేజ్ తక్కువ. ఈ రెండూ ఒకే పేషెంట్‌లో ఉంటే వేరేలా రుజువయ్యేదాకా అమిలాయిడ్ అనుకోండి. కండరం నిజంగా పెరిగితే వోల్టేజ్ పెరగాలి, కండరం మధ్య వేరే పదార్థం చేరితే తగ్గుతుంది. అలాగని వోల్టేజ్ మామూలుగా ఉంటే అమిలాయిడ్ లేదని కాదు.

ఎకోలో ఆర్వీ గోడ 5 మి.మీ. దాటి మందమా, ఏట్రియల్ సెప్టమ్, వాల్వ్‌లు మందమా, కొంచెం పెరికార్డియల్ నీరుందా చూడండి. టిష్యూ డాప్లర్‌లో ఇ-ప్రైమ్ (కండరం సడలే వేగం) బాగా పడిపోయి, సెకనుకి 5 సెం.మీ. దరిదాపుల్లో ఉంటుంది. స్ట్రెయిన్ (కండరం ఎంత కుంచించుకుందో కొలిచే లెక్క) ఉన్న మెషీన్ అయితే బుల్స్ ఐలో (గుండ్రటి రంగుల పటంలో) బేస్, మధ్య భాగం పాలిపోయి ఎపెక్స్ మాత్రం ఎర్రగా మిగులుతుంది. ఇది చాలా నమ్మకమైన గుర్తు. కండరం తళతళ మెరుస్తుందన్న పాత గుర్తుని ఇప్పటి హార్మోనిక్ ఇమేజింగ్ మెషీన్లలో నమ్మకండి, గెయిన్ పెంచితే ఎవరి గుండైనా మెరుస్తుంది. తర్వాత సీరమ్ ఫ్రీ లైట్ చెయిన్స్, సీరమ్, యూరిన్ ఇమ్యునోఫిక్సేషన్ (అసహజ యాంటీబాడీ ప్రొటీన్ల పరీక్షలు) తప్పనిసరి. వాటితో పాటు పైరోఫాస్ఫేట్ బోన్ స్కాన్. రక్త పరీక్షలు వదిలేసి స్కాన్ ఒక్కటే చేస్తే ఎముక మజ్జ జబ్బు వల్ల వచ్చే ఏఎల్ రకం జారిపోతుంది. ఆ రకానికి వైద్యం వారాల్లో మొదలవ్వాలి. రెండు చేతుల్లో కార్పల్ టన్నెల్ (మణికట్టులో నరం నొక్కుకుపోవడం) ఆపరేషన్ అయిందేమో అడగండి, అదీ అమిలాయిడ్ గుర్తే.

బీపీ గుండెలో గోడలు అన్ని వైపులా సమానంగా, సాధారణంగా 15 మి.మీ. లోపే మందమవుతాయి. కిడ్నీ జబ్బు కలిసి, బీపీ ఏళ్ల తరబడి అదుపులో లేకపోతే అంతకు మించొచ్చు. హెచ్‌సీఎంలో మందం ఒకచోటే ఎక్కువ, మామూలుగా సెప్టమ్‌లో. 15 మి.మీ. లేదా అంతకంటే ఎక్కువ, ఇంట్లో ఎవరికైనా ఉంటే 13 చాలు. వల్సాల్వా (ఊపిరి బిగబట్టి ముక్కడం) చేయించి, నిలబెట్టి ఎల్‌వీఓటీ గ్రేడియంట్ చూడండి, 30 చేరితే అబ్‌స్ట్రక్షన్ ఉన్నట్టు. డాప్లర్ బొమ్మ సిస్టోల్ చివరలో బాకు మొనలా పడాలి. సిస్టోల్ మొదలవగానే లేచి సెకనుకి 5, 6 మీటర్ల వేగం చూపిస్తే మీ గీత ఎంఆర్ జెట్‌లోకి పోయింది. ఎపెక్స్‌లో మాత్రమే ఉండే రకం ఫోర్‌షార్టెన్ అయిన వ్యూలో కనిపించదు. ఈసీజీలో ఛాతీ లీడ్లలో టీ వేవ్‌లు లోతుగా తిరగబడి ఉంటే కాంట్రాస్ట్ ఇచ్చో, ఎంఆర్‌ఐ తీసో చూడండి.

దీన్ని తేల్చడం ఎందుకంత ముఖ్యమంటే, అబ్‌స్ట్రక్షన్ ఉన్నవాళ్లకి ఆయాసమని లాసిక్స్ (నీరు తీసే మందు), నైట్రోగ్లిజరిన్ (రక్తనాళాలు వదులు చేసే మందు) ఎక్కిస్తే గ్రేడియంట్ పెరిగి బీపీ కుప్పకూలుతుంది.

పరుగులు, సైక్లింగ్ గట్టిగా చేసేవాళ్లలో గోడ 13 దాకా రావచ్చు, కానీ ఎల్వీ లోపలి గది కూడా 55 దాటి పెరిగి, ఇ-ప్రైమ్ బాగుంటుంది. హెచ్‌సీఎంలో గది సాధారణంగా చిన్నది. అనుమానం తీరకపోతే 3 నెలలు ట్రైనింగ్ ఆపించి మళ్లీ కొలవండి.

పిల్లల_కార్డియాలజీ:

కుడి వైపు, పిల్లల సంగతి ఇంకా ఎవరూ ఎత్తలేదు కాబట్టి రాస్తున్నాను.

ఆర్వీ బేస్ దగ్గర 41 మి.మీ. దాటినా, ఫోర్ చాంబర్‌లో ఎల్వీ కంటే పెద్దగా ఉన్నా కారణం వెతకాల్సిందే. షార్ట్ యాక్సిస్‌లో సెప్టమ్ డయాస్టోల్‌లో మాత్రమే చదునైతే వాల్యూమ్ ఎక్కువ: ఏఎస్‌డీ (ఏట్రియల్ సెప్టమ్‌లో రంధ్రం), సివియర్ టీఆర్ (ట్రైకస్పిడ్ వాల్వ్ లీకు). సిస్టోల్‌లో కూడా చదునుగానే ఉంటే ప్రెషర్ ఎక్కువ. ఫోర్ చాంబర్‌లో ఏట్రియల్ సెప్టమ్ మధ్యలో తెగినట్టు కనిపించినంత మాత్రాన ఏఎస్‌డీ అనొద్దు, అక్కడ అల్ట్రాసౌండ్ కిరణం సెప్టమ్‌కి సమాంతరంగా పోతుంది. సబ్‌కాస్టల్‌లో (పక్కటెముకల కింద నుంచి) చూడండి. అక్కడా సెప్టమ్ బాగానే ఉండి ఆర్వీ మాత్రం పెద్దదైతే సైనస్ వీనోసస్ ఏఎస్‌డీ (సెప్టమ్ అంచున ఉండే రంధ్రం), దారి తప్పిన పల్మనరీ వీన్ కోసం బబుల్ స్టడీ (బుడగలున్న సెలైన్ ఎక్కించి చూడటం), టీఈఈ చేయించండి. ఎక్స్‌రేలో ఛాతీ అంతా నిండిపోయిన గుండె, ఊపిరితిత్తులు నల్లగా ఉంటే ఎబ్‌స్టైన్ (పుట్టుకతో వచ్చే ట్రైకస్పిడ్ వాల్వ్ లోపం) గుర్తుంచుకోండి. ట్రైకస్పిడ్ సెప్టల్ లీఫ్‌లెట్ మైట్రల్ కంటే చదరపు మీటరుకి 8 మి.మీ. పైన కిందకి దిగి ఉంటుంది.

పసిపిల్లల్లో ముందు థైమస్‌ని (ఛాతీలో గుండె పైనుండే గ్రంథి) గుండె అనుకోకుండా చూసుకోండి. రెండు, మూడు నెలల బిడ్డకి ఎల్వీ సాగి, ఈఎఫ్ 20, ఎంఆర్ ఉంటే డీసీఎం అని రాసే ముందు నాలుగు పనులు చేయాలి. ఎడమ కరొనరీ ఎక్కడి నుంచి పుడుతోందో కలర్‌తో చూడాలి. ఆల్కాపాలో (పుట్టుకతో వచ్చే లోపం) అది పల్మనరీ ఆర్టరీ నుంచి వస్తుంది, రక్తం వెనక్కి ప్రవహిస్తుంది, కుడి కరొనరీ లావుగా ఉంటుంది, పాపిల్లరీ కండరాలు తెల్లగా మెరుస్తాయి. ఆపరేషన్ చేస్తే ఆ గుండె బాగా తేరుకుంటుంది. తర్వాత సుప్రాస్టెర్నల్ (మెడ గుంట నుంచి చూసే) వ్యూలో కోఆర్క్టేషన్ (అయోర్టా ఇరుకు), దానితో పాటు తొడ దగ్గర పల్స్. మూడోది సీరమ్ కాల్షియం, విటమిన్ డి: తల్లికీ బిడ్డకీ డి లోపముంటే కాల్షియం పడిపోయి గుండె ఇలాగే సాగుతుంది, కాల్షియం ఎక్కిస్తే తిరిగి వస్తుంది. నాలుగోది ఈసీజీ, ఆగకుండా నడిచే టాకీకార్డియా ఉందేమోనని.

క్యాథ్‌ల్యాబ్_సీనియర్:

పీజీ గారూ, ఆ 52 ఏళ్లాయన రిపోర్ట్‌లో "డీసీఎం" అని రాయకండి. "ఎల్వీ డైలేటెడ్ 66/56, బైప్లేన్ ఈఎఫ్ 30, ఎల్‌బీబీబీ వల్ల సెప్టల్ కదలిక అసహజం, ఇన్‌ఫీరోలేటరల్ గోడ మందం ఇంత, ఎంఆర్ సెకండరీ, టెంటింగ్ ఇంత, ఎకో టైములో బీపీ ఇంత, పల్స్ ఇంత, కరొనరీ కారణం తేల్చాలి" అని రాయండి. యాంజియోలో నాళాలు బాగుంటే అప్పుడు మద్యం అలవాటు, థైరాయిడ్, ఐరన్, పాత కీమోథెరపీ, ఇంట్లో ఎవరికైనా ఇలాంటి గుండె ఉందా అని అడిగి, వీలైతే ఎంఆర్‌ఐ చేయించండి. మందులు పూర్తి డోసుకి చేరిన 3 నెలల తర్వాత మళ్లీ ఎకో తీసి, అప్పటికీ ఈఎఫ్ 35 దాటకపోతే క్యూఆర్‌ఎస్ (ఈసీజీలో వెంట్రికిల్స్ తరంగం) వెడల్పు కొలిచి సీఆర్‌టీకి (రెండు వెంట్రికిల్సూ కలిసి కొట్టుకునేలా చేసే పేస్‌మేకర్‌కి) పంపండి. ఎల్‌బీబీబీతో 150 మిల్లీసెకన్లు దాటినవాళ్లకి దానితో ఎక్కువ లాభం.